వరికి నీళ్లంటే ఇష్టమే, కానీ ఈనేటప్పుడు కాదు

"వరి ఎలాగూ నీళ్లలోనే పెరుగుతుంది కదా, వానలు ఎక్కువైతే నష్టమేంటి?" అని అడిగారు. వాన పడగానే టీవీలో "రైతుల్లో ఆనందం" అని వార్త వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది కూడా ఇందుకే.

మాది గజపతి జిల్లా, కాశీనగర్ వైపు. ఒడిశానే అయినా ఇంట్లోనూ పొలంలోనూ తెలుగే. వరి నీళ్లలో నిలబడుతుంది, మునిగి బతకదు. మొదట్లో రెండంగుళాల నీళ్లుంటే కలుపు అణుగుతుంది. ఆకు కొస దాకా మునిగితే గాలీ వెలుతురూ అందవు, పైగా వంశధార వరద నీళ్లన్నీ బురదే.

నన్నడిగితే ఎంత వాన పడిందన్నది లెక్కే కాదు, ఎప్పుడు పడిందన్నదే లెక్క. నారు పెంచే ఆకుమడి మునిగితే మళ్లీ పోసుకుంటాం. ఉబాలు (నాట్లు) అయ్యాక మునిగినా, నీళ్లు తొందరగా తీస్తే చాలావరకు తేరుకుంటుంది. ఈనడం అంటే వెన్ను (కంకి) బయటికి రావడం. అది వచ్చి పూసే ఆ కొద్ది రోజులే మన చేతిలో ఉండవు.

2018లో తిత్లీ తుపాను సరిగ్గా అప్పుడే వచ్చింది. అక్టోబర్ 11, దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. మేం వేసే స్వర్ణ రకం వరి దాదాపు ఐదు నెలల పంట, జూన్‌లో పోస్తే అక్టోబర్ నడిమికి ఈనుతుంది. పలాస దగ్గర తీరం దాటిన గాలి మా మామిడి చెట్లను కూల్చేసింది. కొండల్లో కురిసిన వానకి ఏరు పొంగి పల్లపు మళ్లన్నీ మునిగాయి. అది అందరూ చూశారు. మా మెరక మడిలో నీరు నిలవలేదు, పైరూ పడిపోలేదు. "మనది దక్కిందిరా" అన్నాడు చిన్నాన్న.

కొన్నాళ్లకి వెన్నులు తెల్లబడ్డాయి. నలిపి చూస్తే అన్నీ తాలు గింజలే, లోపల బియ్యం లేదు. కాండం తొలిచే మొగిపురుగు పని అన్నాడు చిన్నాన్న, ఇప్పటికీ అదే అంటాడు. పురుగు తిన్న వెన్ను లాగితే ఊడొస్తుంది, ఇవి రాలేదు మరి! వరి పువ్వు పొద్దున పూట ఓ గంటసేపు తెరుచుకుని మూసుకుంటుంది. అప్పుడు గాలీ వానా కొడితే గింజ ఎక్కడ కడుతుంది?

మునక తట్టుకునే స్వర్ణ సబ్-1 వెయ్యమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మంచి రకమే, పల్లంలో నేనూ వేస్తున్నాను. ఎదిగే దశలో రెండు వారాల దాకా మునిగినా మళ్లీ చిగురేస్తుంది. పూత మీద పడే గాలివానకి అదేం చేస్తుంది? విత్తనాల కొట్టువాడు ఆ ముక్క చెప్పడు.

పంట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు రోడ్డు మీదే బండి ఆపి, మా మెరక పచ్చగా ఉందని వెళ్లిపోయారు. ఆ రోడ్డు సంగతీ చెప్పాలి. ఎత్తు పెంచి వేశారు గానీ సరిపడా తూములు పెట్టలేదు. ఏరు తగ్గినా పల్లంలో నీళ్లు దిగే దారే లేకపోయింది. మాకు నీళ్లు ఎక్కించే పథకాలు చాలా చెబుతారు, దించే సంగతి ఒక్కరూ ఎత్తరు.

ఇప్పుడు బోరు కింద ఉన్న కాస్త నేలలో దాళ్వా (ఎండాకాలం వరి) వేస్తున్నాను. మబ్బు తక్కువ, ఎండ ఎక్కువ, దిగుబడి కూడా వానాకాలం పంట కంటే మెరుగే. మోటారుకి కరెంటు ఎప్పుడొస్తుందన్నది మాత్రం విడిగా ప్రశ్న వెయ్యండి, దానికి ఇంతకంటే పెద్ద జవాబు రాస్తాను.