సిమ్ ట్యాబ్ నీకు కాదు, మీ అమ్మకు కొను

చి.సౌ. అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

పండగ ఆఫర్లలో మూడు ట్యాబ్‌లు కొంటున్నానని, నీకు సిమ్ వేసుకునేది, బాబుకూ మీ అమ్మకూ, అంటే మా అక్కయ్యకూ, వైఫైవి తీసుకుంటున్నానని రాశావు. డబ్బు కట్టే ముందు అడిగావు కాబట్టి నిర్మొహమాటంగా చెబుతున్నాను. నీ లెక్క తిరగబడింది. సిమ్ కావలసింది ఊళ్లో ఉన్న అక్కయ్యకు. నీకు అక్కర్లేదు. బాబుకైతే ఇవ్వనే వద్దు.

టెలిఫోన్ శాఖలో ఇన్నేళ్లు చేసి రిటైరయ్యానని మన కాలనీలో ఎవరు ఏం కొన్నా ముందు నా దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్లంతా ట్యాబ్ గురించే అడుగుతారు. నేను మాత్రం వాళ్ల ఫోను గురించి అడుగుతాను. సిమ్ ఉన్న ట్యాబ్ అదనంగా చేసిపెట్టే ముఖ్యమైన పని ఒక్కటే: పక్కన స్మార్ట్‌ఫోను లేనప్పుడు కూడా నెట్ ఇస్తుంది. మరి నీ పక్కన ఫోను లేని సమయం ఏది? తెనాలిలో రైలెక్కినా, బెజవాడ కాలేజీలో స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నా ఫోను నీ సంచీలోనే ఉంటుంది. దాని హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ట్యాబ్‌కు నెట్ వచ్చేస్తుంది. మన దగ్గర ప్రీపెయిడ్ ప్లాన్లలో దానికి వేరే రుసుమేమీ లేదు, ఖర్చయ్యేది ఫోనులో ఉన్న డేటాయే. ఇక ఇంట్లో వైఫై ఉండనే ఉంది.

ఖర్చు సంగతి చూద్దాం. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ విడుదలైనప్పుడు వైఫై రకం 34,900 రూపాయలు, సిమ్ రకం 49,900. తెర అదే, బ్యాటరీ అదే, పైన పెట్టే పదిహేను వేలూ ముఖ్యంగా ఆ సౌకర్యానికే. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో తేడా ఇంత ఉండదు, చవక రకాల్లో రెండు మూడు వేలతో సరిపోతుంది. అయితే చేతిచమురు వదిలేది కొన్నాకే. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాను 28 రోజులకు సుమారు 300 రూపాయలనుకో. నెలకు ఒకటి చొప్పున పన్నెండు రీచార్జులతో సరిపోతుందనుకుంటాం కానీ 28 రోజుల లెక్కన ఏడాదికి పదమూడు పడతాయి. అంటే 3,900. మూడేళ్లు వాడితే 11,700. ఐప్యాడ్ మీద పెట్టిన పదిహేను వేలూ కలిపితే ఆ డబ్బుతో మంచి ఆండ్రాయిడ్ ట్యాబ్ ఇంకొకటి వస్తుంది. డేటా ప్యాకు ఒక్కటే వేస్తే చవకగా పోతుందని షాపువాళ్లు అంటారు. ఆ ప్యాకుల్లో చాలావాటికి కింద అసలు ప్లాను ఒకటి నడుస్తూ ఉండాలి. ఆ మాట వాళ్లు చెప్పరు.

అంతకంటే నీ ఫోను ప్లానునే ఒక మెట్టు పెంచుకో. 2024 జూలైలో ధరలు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ రెండూ అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపైన ఇచ్చే ప్లాన్లకే ఉంచాయి. ఒకటిన్నర జీబీ ప్లానుకూ దానికీ తేడా కొద్దిపాటే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం ఎందుకు?

హాట్‌స్పాట్‌తో తలనొప్పులు ఉన్నాయని రాశావు. ఉన్నాయి, కాదనను. క్లాసు మధ్యలో నెట్ ఉన్నట్టుండి ఆగిపోతోందని, అర నిమిషానికో నిమిషానికో మళ్లీ వస్తోందని అన్నావే, దానికి కారణం ట్యాబ్ కాదు, సిగ్నలూ కాదు. నీ ఫోనులో రెండు సిమ్‌లు ఉన్నాయి. డేటా ఒకదాని మీద నడుస్తోంది. రెండో నంబరుకు కాల్ రాగానే, చాలా ఫోన్లలో మొదటి సిమ్ డేటా నిలిచిపోతుంది. కాల్ పెట్టేస్తే తిరిగి వస్తుంది. ఇది ఫోను తయారీలోనే ఉన్న పరిమితి. కాల్స్ ఏ నంబరుకు ఎక్కువగా వస్తాయో డేటా కూడా ఆ సిమ్ మీదే పెట్టుకో. 4జీ, 5జీ మీద అదే సిమ్‌కు కాల్ వచ్చినా డేటా ఆగదు. లేదంటే క్లాసు సాగినంతసేపు రెండో సిమ్‌ను సెట్టింగ్స్‌లో ఆపేయి. నువ్వు పదిహేను వేలు పెట్టి తీర్చుకోబోయిన ఇబ్బందిలో సగం ఇదే.

మిగతా సగం సంగతి కూడా చెబుతాను. ట్యాబ్ తెర ఆరిపోయాక అది హాట్‌స్పాట్ నుంచి విడిపోవచ్చు. ఏ పరికరమూ తగిలి లేదని ఐదు పది నిమిషాల్లో ఫోను తనంతట తనే హాట్‌స్పాట్ కట్టేస్తుంది. మళ్లీ ఆన్ చేయాలంటే విసుగే. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో ఈ గడువు ఎక్కడో ఒక మూల దాక్కుని ఉంటుంది, దాన్ని తీసేయి. ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ తొందరగా దిగుతుంది, అది నిజమే. చిన్న పవర్ బ్యాంకు ఒకటి సంచీలో ఉంచుకో. సిమ్ ట్యాబ్‌కైనా ఈ బాధ పూర్తిగా తప్పదు, ఐప్యాడ్ వైఫై మీద పది గంటలు వస్తే మొబైల్ డేటా మీద తొమ్మిదని ఆ కంపెనీయే చెబుతుంది.

రైల్లో సిగ్నల్ పోతోంది కాబట్టి సిమ్ ట్యాబ్ అన్నావు. ఫోనుకు అందని టవరు ట్యాబ్‌కు మాత్రం అందుతుందా? రెండింటిలో వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంటే తప్ప లాభం లేదు, అలాంటి రెండు సిమ్‌లు నీ ఫోనులో ఇప్పటికే ఉన్నాయి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లోకి వెళ్లాక నల్లమలలో చాలాచోట్ల ఏ సిమ్ వేసినా తెర మీద సిగ్నల్ గీతలు ఉండవు. అలాంటి దారులకు ముందురోజు రాత్రి ఇంటి వైఫై మీద పాఠాలు, మ్యాపులు దించుకుని పెట్టుకోవడమే మందు. పెద్ద స్టేషన్లలో రైల్వేవాళ్ల వైఫై మొదటి అరగంట ఉచితంగా వస్తుంది, కానీ దాని ఓటీపీ కూడా నీ ఫోనుకే వస్తుంది. బ్యాంకు పనులు మాత్రం ఆ ఉచిత వైఫై మీద చేయకు.

ఇప్పుడు అక్కయ్య సంగతి. నేను ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాస్తున్నది దీని కోసమే.

ఆమె చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. వైఫై ట్యాబ్ కొని ఇస్తే, నువ్వు వెళ్లిన రెండు రోజులు నీ హాట్‌స్పాట్ మీద పనిచేస్తుంది, నువ్వు బస్సెక్కగానే అది ఒట్టి అద్దం పలక. పక్కింటి కుర్రాణ్ని పాస్‌వర్డు అడుక్కోవడం ఆమె స్వభావం కాదని నీకూ తెలుసు. ఫైబర్ కనెక్షన్ పెట్టించవచ్చు. అయితే మన ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా రూటరూ పోతుంది, దానికి చిన్న యూపీఎస్ కొనాలి, ఏ లైటు ఎర్రగా వెలుగుతోందో ఎవరో చూసిపెట్టాలి. సిమ్ ట్యాబ్‌కు ఇదంతా ఉండదు. తెర వెలిగిస్తే నెట్ ఉంటుంది, డాలస్‌లో ఉన్న మీ తమ్ముడి ముఖం మీద వేలు పెడితే కాల్ వెళుతుంది. నీకు హాట్‌స్పాట్ ఆన్ చేయడం చిటికెలో పని. డెబ్బై దాటిన మనిషికి అది ప్రతిసారీ ఎవరినో పిలవాల్సిన పని.

ఆమెకు ఐప్యాడ్ వద్దు, ఆండ్రాయిడ్ తీసుకో. ఐప్యాడ్‌లో సిమ్ వేసినా ఆ నంబరు మీద మామూలు ఫోన్ కాల్స్ కుదరవు. ఆండ్రాయిడ్ సిమ్ ట్యాబ్‌లలో చాలావాటికి కాల్స్, ఎస్సెమ్మెస్‌లు కూడా వస్తాయి. అన్నింటికీ రావు కాబట్టి షాపులోనే సిమ్ వేసి నాకు ఒక కాల్ చేసి చూడు. ఓటీపీ అదే ట్యాబ్‌కు వస్తే వాట్సాప్ ఆ నంబరు మీదే తెరవవచ్చు, ఇంకో ఫోను మీద ఆధారపడదు. ఏ కంపెనీ సిమ్ అనేది మీ కాలేజీలో అడగకు. అక్కయ్య ఇంటి పడకగదిలో, తలుపు వేసి, నీ ఫోనులో, అల్లుడుగారి ఫోనులో ఉన్న సిమ్‌లతో వీడియో కాల్ చేసి చూడు. వరండాలో నిలిచిన సిగ్నల్ మండువా లోపల నిలవకపోవచ్చు.

ఆమె ప్రవచనాలు పెట్టుకుని నిద్రపోతుంది. వీడియో పూర్తి నాణ్యతలో ఆడితే గంటకు ఒక జీబీ పైమాటే. రోజు కోటా అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, ఇక వీడియో కదలదు, సాయంత్రం మీ తమ్ముడి కాల్‌లో బొమ్మ రాదు. యూట్యూబ్‌ను 480కి తగ్గించి పెట్టు, తనంతట తాను తర్వాతి వీడియోకు పోయే సదుపాయం ఆపేయి. యాప్‌ల అప్‌డేట్లు వైఫై మీద మాత్రమే దిగేటట్లు పెడితే నువ్వు వెళ్లినప్పుడు నీ హాట్‌స్పాట్ మీద దించవచ్చు.

సిమ్ అక్కయ్య ఆధార్ మీదే తీసుకో, షాపువాడు ఎవరి పేరునో ఉన్నది అంటగట్టబోతే ఒప్పుకోకు. ఒక మనిషి పేరున తొమ్మిది కనెక్షన్ల దాకా ఉండవచ్చు, ఆమె పేరున ఇప్పటికే ఏవేవి ఉన్నాయో టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి, పనిలో పనిగా చూసుకో. రీచార్జి గడువు నీ ఫోనులో గుర్తు పెట్టుకో. తొంభై రోజులు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ మూసేయవచ్చు, కొన్నాళ్లకు దాన్ని వేరే మనిషికి ఇచ్చేస్తుంది. ఆమె వాట్సాప్ ఆ నంబరు మీదే ఉంటుంది మరి.

ఫోన్‌పే, గూగుల్ పే దానిలో పెట్టకు. యూపీఐకి బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ అదే పరికరంలో ఉండి ఎస్సెమ్మెస్ పంపాలి, ఆమె బ్యాంకు నంబరు బటన్ల ఫోనులో ఉంది. అది అక్కడే ఉండటం మంచిది. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కినా డబ్బు జోలికి అంత సులువుగా పోలేరు.

బాబు విషయం చిన్నది. ఇంటర్ చదివే పిల్లాడి ట్యాబ్‌లో సిమ్ ఉంటే అర్ధరాత్రి దుప్పటి కింద కూడా నెట్ ఉంటుంది. వైఫై ట్యాబ్ అయితే రాత్రి పదికి రూటరు కట్టేసే అధికారం నీ చేతిలో ఉంటుంది. కోచింగ్ వీడియోలు దించి ఇవ్వు. వాడు అలిగితే మావయ్య వద్దన్నాడని చెప్పు.

మీ తమ్ముడు నీకు డాలస్ నుంచి ఐప్యాడ్ తెస్తానన్నాడని విన్నాను. తెస్తే వైఫైదే తెమ్మను. అక్కడ ఫోను కంపెనీ దగ్గర వాయిదాల మీద కొంటే ఆ కంపెనీకే తాళం పడి ఉండే అవకాశం ఉంది, ఇక్కడి సిమ్‌తో పనిచేయదు. పైగా 2024 నుంచి వచ్చిన ఐప్యాడ్ ప్రో, ఎయిర్‌లలో సిమ్ పెట్టే చోటే లేదు, కార్డు అక్కర్లేకుండా పరికరం లోపలే ఉండే ఈసిమ్ మాత్రమే. ఒక్క మాట మాత్రం తెలిసి ఉండాలి: వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, సిమ్ రకంలోనే ఉంటుంది. వైఫై ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో చాలావాటికి ఉంటుంది. కారులో దారి చూపించడానికి ఫోను ఉండగా నీకు దానితో పనిలేదు. పొలాల వెంట తిరిగి పంట నష్టం ఫొటోలు తీసే అల్లుడుగారికైతే ఉంది. ఆయన ట్యాబ్ ఆఫీసువాళ్లే ఇస్తారు కాబట్టి నీ జేబుకు సంబంధం లేదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పక్కన చిన్న ట్రే కనిపించగానే అది సిమ్‌దనుకోకు, వైఫై ట్యాబ్‌లలో చాలావాటికి కూడా మెమరీ కార్డు కోసం అలాంటి ట్రేనే ఉంటుంది. సిమ్ రకం పెట్టె మీద ఐఎంఈఐ అని పదిహేను అంకెల నంబరు ఉంటుంది, వైఫై రకానికి సీరియల్ నంబరే. మోడల్ నంబరు కూడా చూడు. శాంసంగ్ ట్యాబ్ ఏ9 ప్లస్‌లో ఎక్స్210 అంటే వైఫై, ఎక్స్216 అంటే 5జీ. ఆన్‌లైన్‌లో రెండూ ఒకే బొమ్మతో ఉంటాయి, తర్వాత సిమ్ పెట్టించుకుందామంటే ఏ మెకానిక్కూ పెట్టలేడు. ఐఎంఈఐతో ఇంకో ఉపయోగం ఉంది. ట్యాబ్ పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, 2023లో దేశమంతటా వచ్చిన సీఈఐఆర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ నంబరును ఆపించవచ్చు. ఎత్తుకుపోయినవాడు వేరే సిమ్ వేసినా నెట్‌వర్క్ దొరకదు. అక్కయ్య ట్యాబ్ పెట్టెను అటక మీద పారేయకుండా ఆ నంబరు ఉన్న వైపు ఫొటో తీసి నాకూ ఒకటి పంపు.

ఆదివారం వరకు నేను ఇంట్లోనే ఉంటాను. షాపులో సందేహం వస్తే కాల్ చెయ్యి, అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య