సన్‌రూఫ్ కారుతోందా? సీలెంట్ పక్కన పెట్టండి

ప్రశ్న: గట్టి వాన పడితే డ్రైవరు సీటు పక్క పిల్లరు మీదుగా నీళ్లు దిగి కాళ్ల దగ్గర కార్పెట్ తడిసిపోతోంది. సన్‌రూఫ్ పూర్తిగా మూసే ఉంటుంది, రబ్బరు బీడింగ్ ఎక్కడా చిరగలేదు. అద్దం చుట్టూ సిలికాన్ సీలెంట్ పూసేస్తే సరిపోతుందా?

జవాబు: పూయొద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే ఇంట్లో సింకు అంచులకు వాడుకోండి.

ఆ రబ్బరే నీటిని మొత్తం ఆపాలని చాలామంది అనుకుంటారు. కదిలే సన్‌రూఫ్‌ను తయారు చేసేవాళ్లు ఆ భారమంతా రబ్బరు మీద వేయరు. గాలి హోరును, వాన నీటిలో చాలా భాగాన్ని అది ఆపుతుంది. మిగతా కాసిని నీళ్లు లోపలికి దిగుతూనే ఉంటాయి. వాటిని పట్టడానికే అద్దం కింద చుట్టూ సన్నటి కాలువలాంటి ట్రే పెడతారు. దాని మూలల్లో కన్నాలు, మామూలుగా నాలుగు. ఒక్కో కన్నానికి వేలి కంటే సన్నటి గొట్టం. ముందు గొట్టాలు రెండూ ముందు అద్దానికి అటూ ఇటూ ఉన్న పిల్లర్లలోంచి దిగి, తలుపు బందుల దగ్గరో చక్రం పైనో బయటికి వస్తాయి. వెనకవి వెనక పిల్లర్ల గుండా దిగి బంపరు వైపు తేలతాయి. డాబా మీద తూము పూడుకుపోతే లోపలి గోడకు చెమ్మ దిగుతుంది కదా, మీ కారులోనూ జరుగుతున్నది బహుశా అదే. దుమ్ము, ఎండుటాకులు, పూల రెక్కలు చేరి దారి మూసుకుపోతుంది. చెట్టు నీడన నిలిపే కార్లకు ఈ బాధ ఎక్కువ.

నిర్ధారించుకోవడం తేలిక. సన్‌రూఫ్ పూర్తిగా తెరిచి, ముందు మూలలో కనిపించే కన్నం దగ్గర నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. సగం గ్లాసు చాలు, బకెట్ ఎత్తొద్దు. కారు కింద నేల మీద ధార కడితే ఆ గొట్టం బాగున్నట్టే. నీళ్లు ట్రేలోనే నిలబడితే పూడిక. ట్రే ఖాళీ అవుతోంది గానీ బయటికి చుక్క రాక, లోపల కార్పెట్ తడుస్తోందంటే గొట్టం ఊడిందన్నమాట, లేదా చిరిగిందన్నమాట. ఈ మూడోది ఇంట్లో చేసుకునే పని కాదు. పిల్లరు మీది ప్లాస్టిక్ విప్పాలి, చాలా కార్లలో దాని వెనకాలే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (ప్రమాదంలో పక్క అద్దాల మీద తెరలా విచ్చుకునే గాలి సంచి) సరంజామా ఉంటుంది. మెకానిక్‌కు అప్పగించండి.

పూడికైతే మీరే తీసుకోవచ్చు. ముందు ట్రేలోని చెత్తను తడిగుడ్డతో ఎత్తేయండి. తర్వాత గడ్డి కత్తిరించే ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ దారం తీసుకుని, కొస గుచ్చుకోకుండా కాస్త వేడి తగిలించి గుండ్రం చేసి, మెల్లగా లోపలికి పంపండి. అడ్డు తగిలితే పొడవకండి, తిప్పుతూ ముందుకు జరపండి. ఇనుప తీగ అసలు వద్దు, గొట్టాన్ని చీలుస్తుంది. వాటర్ వాష్ దగ్గర కంప్రెసర్ గాలి కొట్టిస్తే క్షణంలో పోతుందని చెప్పేవాళ్లుంటారు. ఆ ఒత్తిడికి పూడిక వదలకుండా, పిల్లరు లోపల గొట్టం జాయింటే ఊడిపోవచ్చు. అప్పుడు పైనుంచి చూస్తే నీళ్లు చక్కగా దిగుతున్నట్టే ఉంటుంది, దిగేది మాత్రం మీ కారు లోపలికి! కొన్ని కార్లలో గొట్టం కింది కొసకు చీలిక ఉన్న రబ్బరు మూతి ఉంటుంది. అందులో బురద గట్టిపడినా నీరు ఆగిపోతుంది, వేళ్లతో నలిపితే రాలిపోతుంది.

పూడిక పోయాక చాలామంది కార్పెట్ సంగతి మరిచిపోతారు. దాని కింద మందపాటి స్పాంజి పొర ఉంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, అడుగున మాత్రం నీరు అలాగే ఉంటుంది. ముక్కిపోయిన వాసన, తెల్లారి అద్దాలకు లోపల ఆవిరి పట్టడం దాని లక్షణాలే. వాసనతో పోతే పర్వాలేదు, చాలా కార్లలో వైర్ల కట్టలు, కనెక్టర్లు, కొన్నింట్లో కంట్రోల్ మాడ్యూళ్లు (ఎలక్ట్రానిక్ పెట్టెలు) కూడా సీట్ల కింద, కార్పెట్ కిందే ఉంటాయి. సంబంధం లేని వార్నింగ్ లైట్లు ఒక్కసారిగా వెలగడం మొదలైతే ముందు అక్కడి తడినే అనుమానించండి. కార్పెట్ ఎత్తి, తడి పీల్చే వ్యాక్యూమ్‌తో లాగి, ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరనివ్వాలి.

ప్రశ్న: మాకు వానలో ఏమీ లేదు. ఏసీ వేసుకుని దూరం వెళ్లినప్పుడే ముందు సీటు కింద తడి. ఇదీ సన్‌రూఫేనా?

జవాబు: కాదు. ఏసీ కూలింగ్ కాయిల్ మీద చేరే నీటిని బయటికి పంపే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద చుక్కలు పడటం మానేశాయేమో చూడండి. ఆ తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే మాత్రం అది నీరు కాదు, హీటర్ నుంచి కారే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. ఆలస్యం చేయకుండా చూపించండి.

ప్రశ్న: బ్యాటరీ మార్చాక సన్‌రూఫ్ మూసుకుంటూ మధ్యలో ఆగి మళ్లీ తెరుచుకుంటోంది. వాన కాలం, భయంగా ఉంది.

జవాబు: కరెంటు తీసేస్తే కొన్ని కార్లలో మోటారు తన హద్దులు మరిచిపోతుంది. ఎక్కడ ఆగాలో తెలియక, ఏదో అడ్డొచ్చిందనుకుని వెనక్కి పోతుంది. వేళ్లు నలగకుండా పెట్టిన రక్షణ అది. మూసే బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే అద్దం ఒకసారి పూర్తిగా తెరుచుకుని మూసుకుని హద్దులు మళ్లీ నేర్చుకునే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంది. వరుస ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ కారు మాన్యువల్ తెరిచి అందులో ఉన్నట్టే చేయండి. ఆ సమయంలో వేళ్ల రక్షణ పనిచేయకపోవచ్చు, పిల్లలను దూరంగా ఉంచండి. అయినా వెనక్కే పోతుంటే పట్టాల్లో ఇసుక చేరిందేమో తుడిచి చూడండి. అద్దాన్ని చేత్తో నెట్టి మూయాలని మాత్రం చూడకండి, కేబుల్ పళ్లు తప్పుతాయి. ఈలోగా వానొస్తే పైన టార్పాలిన్ కప్పండి.