ర్యాంక్ లిస్టు పెట్టే ముందు

అమ్మా స్రవంతీ,

అమెరికా రెసిడెన్సీ (డాక్టర్ల పై శిక్షణ) ఇంటర్వ్యూలు అయిపోయాయన్నావు కాబట్టి ఇక ర్యాంక్ లిస్టు, అంటే నువ్వు కోరుకునే ఆసుపత్రి ప్రోగ్రామ్‌లను వరసగా రాసే జాబితా, సంగతే రాస్తున్నాను. నీది ఇంటర్నల్ మెడిసిన్ కదా, ఆ లెక్కలోనే చదువుకో.

"ఆ పెద్ద ప్రోగ్రామ్ నన్ను తీసుకోదు, వచ్చేలా ఉన్నదాన్నే మొదట పెడతాను" అని చాలామంది పిల్లలు అనుకుంటారు. అలా ఎప్పుడూ చేయకు. 1998 నుంచి ఈ సీట్లు కేటాయించే సంస్థ ఎన్‌ఆర్‌ఎంపీ వాడుతున్న పద్ధతి అభ్యర్థి కోరిక దగ్గరే మొదలవుతుంది. కంప్యూటరు ముందు నీ ఒకటో నంబరు ప్రోగ్రామ్‌లో చోటు చూస్తుంది. అక్కడ సీట్లన్నీ ఆ ప్రోగ్రామ్‌వాళ్ళు తమ లిస్టులో నీకన్నా పైన రాసుకున్నవాళ్ళతో నిండిపోతే రెండో నంబరుకు వస్తుంది. ఆ రెండోచోట అప్పటికే తాత్కాలికంగా కూర్చున్నవాళ్ళలో వాళ్ళ లిస్టు ప్రకారం నీకన్నా కిందివాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళను లేపి నిన్ను కూర్చోబెడుతుంది. నువ్వు దాన్ని ఎన్నో నంబరుగా పెట్టావో ఆ ప్రోగ్రామ్‌కు తెలియదు. అందుకే అందని చోటును పైన పెట్టినందువల్ల కిందివి చేజారవు. ఎంబీబీఎస్ వెబ్ ఆప్షన్లలా ఇక్కడ రెండో విడత, మూడో విడత ఉండవు. మ్యాచ్ అయ్యాక, అంటే సీటు ఖరారయ్యాక, ఆ ప్రోగ్రామ్‌కే కట్టుబడాలి.

"నువ్వు మాకు బాగా నచ్చావు, పైనే పెడుతున్నాం" అని ఈమెయిల్ వస్తే మర్యాదగా జవాబివ్వు, లిస్టు మాత్రం కదపకు. ఆ మాటకు వాళ్ళు కట్టుబడనక్కర్లేదు. మమ్మల్ని ఎన్నో నంబరుగా పెడుతున్నావని అడిగే హక్కు కూడా వాళ్ళకు లేదు.

ఇక వీసా. మనవాళ్ళకు ఒక్కోసారి ఆసుపత్రి పేరుకన్నా ఇదే ముఖ్యం. జె-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) అయితే స్టెప్ 3 (అమెరికా లైసెన్సు పరీక్షల్లో చివరిది) లేకపోయినా నడుస్తుంది, ఏడేళ్ళ వరకు ఉండవచ్చు. చదువయ్యాక మాత్రం రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి, లేదా వెయివర్ (ఆ నిబంధన నుంచి మినహాయింపు) తీసుకుని డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలి. కాన్రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 వెయివర్లే. ఉద్యోగ వీసా హెచ్-1బికి ఆ రెండేళ్ళ నిబంధన లేదు కానీ ఆరేళ్ళే పరిమితి, స్టెప్ 3 ముందే పాసై ఉండాలి. కార్డియాలజీ అంటున్నావు, మెడిసిన్ మూడేళ్ళు, ఆ తర్వాతి ప్రత్యేక శిక్షణ (ఫెలోషిప్) మూడేళ్ళు, ఆరూ అక్కడికే అయిపోతాయి. పైగా 2025 సెప్టెంబరు ప్రకటనతో అమెరికా బయట ఉన్నవాళ్ళ కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. కాబట్టి ఇంటర్వ్యూ రోజు చెప్పింది చాలదు. "ఈ ఏడాది మ్యాచ్ అయ్యేవాళ్ళకు ఏ వీసా ఇస్తారు?" అని కోఆర్డినేటర్‌ను ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకో. కాంట్రాక్టు నమూనా కూడా అడుగు. లిస్టు గడువులోపు చూపించాల్సిన బాధ్యత వాళ్ళదే.

తర్వాత రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ వెబ్‌సైటులో ఒక్కో ప్రోగ్రామ్ గుర్తింపు ఎలా ఉందో చూడు. "ప్రొబేషన్" (లోపాల వల్ల హెచ్చరిక కింద ఉన్న గుర్తింపు) అని కనిపిస్తే కారణం తెలుసుకోకుండా పైకి ఎక్కించకు. ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు ఏబీఐఎం ప్రకటించే బోర్డు పాస్ శాతాలు చూడు. ఆసుపత్రి ఆర్థిక స్థితి కూడా ఆరా తీయి. 2019లో ఫిలడెల్ఫియాలో హానిమన్ ఆసుపత్రి మూతపడితే 500 మందికి పైగా రెసిడెంట్లు, ఫెలోలు రాత్రికి రాత్రి వేరేచోట సీట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. వారానికి 80 గంటలు దాటకూడదన్నది నాలుగు వారాల సగటు మీద లెక్క, కాగితం మీద అందరిదీ సరిగ్గానే ఉంటుంది. అసలు సంగతి రెండో ఏడాది రెసిడెంట్‌ను విడిగా అడిగితే బయటపడుతుంది: "పోయిన ఏడాది మధ్యలో ఎవరైనా వెళ్ళిపోయారా? కార్డియాలజీకి ఎవరెవరికి ఎక్కడ వచ్చింది?" జీతం చూసి మురిసిపోకు, ఆ ఊళ్ళో ఇంటి అద్దె తీసేసి చూడు.

వరస పెట్టేటప్పుడు మార్కుల పట్టికలు వద్దు. రెండేసి ప్రోగ్రామ్‌లు పక్కపక్కన పెట్టి, "రెండుచోట్లా సీటిస్తే ఎక్కడికి వెళ్తాను?" అని అడుగు. గెలిచినదాన్ని పైదానితో పోల్చు. అలా ఎక్కించుకుంటూ పో.

కేటగారికల్‌వి (పూర్తి మూడేళ్ళ శిక్షణవి) అన్నీ అయ్యాకే ప్రిలిమినరీవి. ప్రోగ్రామ్ కోడ్‌లో చివరి అంకెకు ముందు 'సీ' ఉంటే కేటగారికల్, 'పీ' ఉంటే ప్రిలిమినరీ. ఒకే ఆసుపత్రికి రెండూ ఉంటాయి, జాగ్రత్త. ప్రిలిమినరీ ఒక్క ఏడాదిదే, ఆ తర్వాత సీటూ వీసా రెండూ మళ్ళీ మొదటికొస్తాయి. చచ్చినా వెళ్ళననుకున్నదాన్ని రాయనే వద్దు. అయితే ఆ మాట తేలిగ్గా అనకు, ఖాళీగా పోయిన ఏడాది మనలాంటివాళ్ళకు బాగా బరువు.

20 ప్రోగ్రామ్‌ల వరకు అదనపు రుసుము ఉండదు. లిస్టు సేవ్ చేస్తే సరిపోదు, సర్టిఫై (ఖరారు) చేయాలి. తర్వాత ఒక్క నంబరు మార్చినా మళ్ళీ సర్టిఫై చేయాలి. గడువు ఈమధ్య మార్చి మొదటి వారంలో, ఈస్టర్న్ టైమ్ రాత్రి 9 గంటలకు ఉంటోంది. అంటే మనకు మర్నాడు ఉదయం ఏడున్నర. ఆ పొద్దున కరెంటునూ ఇంటర్నెట్‌నూ నమ్ముకుని కూర్చోకుండా రెండు రోజుల ముందే ముగించి, సర్టిఫై అయిందన్న పేజీ స్క్రీన్‌షాట్ నాకు పంపు.

మీ పిన్ని