మామిడి టెంకలోంచి మెదడుకు మందా? మా అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. పల్ప్ ఫ్యాక్టరీలు పారబోసే తొక్కలు, టెంకల నుంచి నరాల కణాలను కాపాడే పదార్థాలు తీయొచ్చని, ఆ పరిశోధనే చేస్తానని పట్టుబడుతోంది. మేము బీఈడీ చేయించాలనుకున్నాం. ఈ దారిలో బతుకుతెరువు ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అమ్మాయి చెబుతున్నది గాలి కబురు కాదండీ. జూన్, జూలైలో ఫ్యాక్టరీ వెనక వీధిలో పులిసిన వాసన ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కుప్పల్లోని తొక్కలో మాంజిఫెరిన్, టెంకలోని జీడిలో గాలిక్ ఆమ్లం, టానిన్లు ఉంటాయి. నరాల కణాలను కాపాడతాయేమోనని పరిశోధకులు పరీక్షిస్తున్నది ఇలాంటి పదార్థాలనే. దానిమ్మ తొక్కలో ప్యూనికలాజిన్, నారింజ తొక్కలో హెస్పరిడిన్ కూడా ఈ కోవలోవే. పని చేసే పద్ధతి కూడా మరీ అంతుపట్టనిదేం కాదు. తొక్కను ఆరబెట్టి పొడి చేసి, ఇథనాల్ కలిపిన నీళ్లలో నానబెట్టి సారం తీస్తారు. గిన్నెల్లో పెంచిన నరాల కణాలకు ముందు ఆ సారం ఇచ్చి, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి దానితో దెబ్బతీసి, ఎన్ని బతికాయో చూస్తారు. ఎక్కువగా వాడే ఎస్‌హెచ్-ఎస్‌వై5వై కణాలు ఒకప్పుడు నాలుగేళ్ల పాప శరీరంలోని కేన్సర్ నుంచి తీసినవి. అంటే అవి అచ్చం మన మెదడు కణాలు కావు.

ఆమెకు ఎవరో ఒకరు చెప్పాల్సిన సంగతి ఇదే. గిన్నెలో కణం బతికినంత మాత్రాన అది మందు అయిపోదు. మింగిన సారం పేగు దాటాలి, కాలేయం దాటాలి, ఆపైన రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాటాలి. గింకో అనే చెట్టు ఆకు సారాన్నే చూడండి. అమెరికాలో 3,069 మంది వృద్ధులపై ఏళ్ల తరబడి పరీక్షించారు. మతిమరుపు జబ్బును అది ఆపలేదని 2008లో తేలింది. ఇంకోవైపు, స్నోడ్రాప్ పూల మొక్కలో దొరికిన గాలంటమైన్‌కు 2001లో అల్జీమర్స్ మందుగా అక్కడే అనుమతి వచ్చింది. అదీ కొంతకాలం లక్షణాలను తగ్గించేదే తప్ప జబ్బును ఆపేది కాదు.

అందుకే నా సలహా ఒకటే. అంశం పేరు చూసి కోర్సు ఎంచుకోవద్దు, చేతికి ఏ పని వస్తుందో చూసి ఎంచుకోమనండి. సారాన్ని విడదీసి అందులో ఏముందో చెప్పగలిగే వాళ్లకు, అంటే హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ తెలిసిన వాళ్లకు, మెదడు పరిశోధన లేకపోయినా పని దొరుకుతుంది. ఫార్మా కంపెనీల క్వాలిటీ ల్యాబ్‌లు, విజయవాడ, హైదరాబాద్, బెంగళూరుల్లోని మూలికల సారాల కంపెనీలు ఇలాంటి వాళ్లనే వెతుకుతాయి. కణాల పెంపకం ఒక్కటే నేర్చుకున్న వాళ్లకు దార్లు తక్కువ. కెమిస్ట్రీ ఇష్టమైతే ఆర్గానిక్ లేదా అనలిటికల్ కెమిస్ట్రీలో ఎంఎస్సీ, జీవశాస్త్రమే కావాలంటే బయోకెమిస్ట్రీ మంచిది. అందుకు ఏపీ పీజీసెట్, సీయూఈటీ పీజీ, ఐఐటీ జామ్ రాయాలి. బయోటెక్నాలజీకైతే గ్యాట్-బి కూడా ఉంది. జీప్యాట్ బీఫార్మసీ వాళ్లది, దానికోసం కోచింగ్ డబ్బులు కట్టకండి. వ్యర్థాన్ని సరుకుగా మార్చడం మీదే మోజైతే మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఫుడ్ టెక్నాలజీ ఎంఎస్సీ ఉంది. నన్నడిగితే మీ ఇంటికి దగ్గరి దారి అదే.

డబ్బు సంగతి. ఎంఎస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. జేఆర్‌ఎఫ్ గానీ మరో ఫెలోషిప్ గానీ లేకుండా పీహెచ్‌డీలో చేరితే మాత్రం ఇల్లే పోషించాల్సి రావచ్చు. ఎంఎస్సీ అయ్యాక కూడా ఎడ్‌సెట్ రాయొచ్చు కాబట్టి బీఈడీ ఎక్కడికీ పోదు.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు అమ్మాయిని ఒక ప్రశ్న అడగమనండి. ఎన్ని కణాలు బతికాయో చూసే ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు పసుపు రంగును ఊదాగా మారుస్తాయి. తొక్కల్లోని పాలీఫినాల్స్ (పైన చెప్పిన మాంజిఫెరిన్, టానిన్ల లాంటివి) కణాలు లేకుండానే ఆ పని చేసేయగలవు. అప్పుడు కణాలు చచ్చినా బతికున్నట్టే కనిపిస్తుంది. ‘కణాలు లేని గిన్నెలో సారం ఒక్కటే వేసి చూశారా సార్?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు విసుక్కునే చోట చేరకపోవడమే మంచిది.

ఈ సీజన్‌లో ఫ్యాక్టరీకి కాయ తోలేటప్పుడు ఆమెనూ లోడుతోపాటు తీసుకెళ్లండి. అక్కడి ల్యాబ్‌లో బ్రిక్స్ (గుజ్జులోని తీపి కొలత) చూసేవాళ్లతో ఓ గంట మాట్లాడనివ్వండి. తొక్క ఎంతసేపట్లో పులుస్తుందో, ఎవరు ఎత్తుకెళ్తున్నారో కళ్లారా చూస్తుంది. మామిడి సొన తగిలితే ఆమెకు దద్దుర్లు వస్తాయేమో మీకు తెలిసే ఉంటుంది. వస్తే గ్లవ్స్ కొనివ్వండి, ఈ పనిలో రోజూ తొక్కతోనే సావాసం. తోటలో ఏ మందు ఏ తేదీన కొట్టారో రాసుకున్న నోటు పుస్తకం ఉంటే అదీ ఆమె చేతికివ్వండి. పురుగుమందు అవశేషాలు తొక్క మీదే ఎక్కువగా ఉంటాయి కాబట్టి, ఆమెకు మొదట కావాల్సిన లెక్క అదే.