నీ నవలలో ఆ ముప్ఫై మంది ఎవరు?

చి. అమ్ములుకి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆరు అధ్యాయాలూ తీరిగ్గా చదివాను. వైదేహి పాత్ర నచ్చింది. రాత్రిపూట ల్యాబ్‌లో ఒక్కతే కూర్చుని రీడింగులు రాసుకునే చోట నీ చెయ్యి బాగా తిరిగింది. మందుల పరిశోధన చుట్టూ నవల రాసేవాళ్ళు మన భాషలో తక్కువ. అందులోనూ ప్రభుత్వం ఎంతవరకు అదుపు చెయ్యొచ్చు, మనిషికి ఎంత స్వేచ్ఛ ఉండాలి అనే తగాదా మీద కథ నడిపేవాళ్ళు ఇంకా తక్కువ. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను. మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ పాఠాలు చెప్పి, ఆ తర్వాత చాలాకాలం ఎథిక్స్ కమిటీలో, అంటే మనుషుల మీద చేసే మందుల పరీక్షలు న్యాయంగా జరుగుతున్నాయా అని చూసే కమిటీలో, కూర్చున్నదాన్ని. నాకు తెలిసింది చెప్తాను, ఏది ఉంచుకుంటావో నీ ఇష్టం.

మూడో అధ్యాయం దగ్గరికి వస్తాను. వైదేహి కనిపెట్టిన మందుకి ఆరోగ్య భద్రతా మండలి అనుమతి ఇవ్వదు. ఆమె రహస్యంగా ఒక ఊరికి వెళ్ళి ముప్ఫై మందికి ఆ మందు ఇస్తుంది. ముప్ఫై మందీ కోలుకుంటారు. మండలి వాళ్ళు వచ్చి ల్యాబ్‌కి సీలు వేస్తారు. చదివేవాళ్ళు వైదేహి పక్షాన నిలబడతారు. సాఫీగానే సాగింది. కానీ ఆ ముప్ఫై మందిలో ఒక్కరికీ పేరు లేదు, గమనించావా? వాళ్ళకి ఎవరు ఏం చెప్పారు? వద్దన్నవాళ్ళు ఉన్నారా? ఉంటే వాళ్ళనేం చేశారు? నీ నవలంతా స్వేచ్ఛ గురించే, కానీ అది శాస్త్రవేత్త స్వేచ్ఛ. సూది ఎవరి ఒంట్లోకి దిగిందో ఆ మనిషి స్వేచ్ఛ గురించి ఆరు అధ్యాయాల్లో ఒక్క వాక్యం లేదు. దాదాపు నా సలహా అంతా ఇదే: కథని వైదేహి టేబుల్ దగ్గర్నుంచి లేపి, ఆ మనిషి మంచం పక్కకి తీసుకురా.

మన దగ్గర జరిగిందే చూడు. 2009 జులైలో, ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకాలు వెయ్యడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా కాపాడే టీకా అది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది పిల్లలు. అమెరికాకి చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ, మన కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. ఆ పిల్లల్లో హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు ఎక్కువ. కొందరు పిల్లలు చనిపోయారన్న సంగతి బయటపడి గొడవ కావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌కి సంబంధించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు.

ఇప్పుడు దీన్ని నీ కథ చట్రంలో పెట్టడానికి ప్రయత్నించు, ఇమడదు. ఇక్కడ ప్రభుత్వం అడ్డుపడలేదు, తనే చెయ్యి కలిపింది. మందు చెడ్డది కాదు. బ్రిటన్, స్వీడన్ లాంటి దేశాల్లో ఆ టీకాల వల్ల కేన్సర్ కేసులు బాగా తగ్గాయి. పిల్లల మరణాలకి టీకా కారణమయ్యే అవకాశం తక్కువేనని కేంద్రం వేసిన విచారణ సంఘం చెప్పింది. మందు మంచిదే, ఉద్దేశం మంచిదే, సర్కారు ముద్రా ఉంది. అయినా తప్పు జరిగింది. తప్పు మందులో లేదు, వేల మంది పిల్లల తరఫున సంతకం పెట్టిన చేతుల్లో ఉంది. ఆ తప్పు ఖరీదు కూడా చిన్నది కాదు. టీకా మీద పుట్టిన అనుమానం మన దేశంలో చాలా ఏళ్ళు పోలేదు.

నేనే నవల రాసేదాన్నయితే ఆ వార్డెన్‌ని రాసేదాన్ని. ఆమెని దుర్మార్గురాలిగా చెయ్యకు. హాస్టల్లో రెండొందల మంది పిల్లలు, పొద్దున ఉప్మా నుంచి రాత్రి జ్వరం మాత్ర దాకా అన్నీ ఆమె మీదే. పై నుంచి కాగితం వచ్చింది, సాయంత్రంలోగా ఫారాలు పంపాలన్నారు. తల్లిదండ్రులు గూడేల్లో ఉన్నారు, బస్సు లేదు, చాలామందికి ఫోను లేదు. కేన్సర్ రాకుండా మంచి మందు, బయట కొనాలంటే వేలల్లో, ఇక్కడ ఉచితం. తన కూతురికైనా వేయిస్తుంది. పెన్ను తీసి సంతకం పెట్టింది. ఒకదాని తర్వాత ఒకటి, చెయ్యి నొప్పి పుట్టేదాకా. ఆ పెన్ను పట్టుకున్న చేతిలో ప్రభుత్వం ఎక్కడుంది, వ్యక్తి ఎక్కడున్నాడు? నీ మండలి అధికారులు తుపాకులు పట్టుకుని ల్యాబ్ తలుపులు బద్దలుకొట్టే సీను కంటే ఇది ఎక్కువ భయపెడుతుంది నన్ను.

ఇంకోటి చెప్తాను. సుప్రీంకోర్టు 2013లో గట్టిగా జోక్యం చేసుకున్నాక, అంగీకారం తీసుకోవడాన్ని వీడియో తియ్యాలన్న నిబంధన వచ్చింది. 2019లో వచ్చిన కొత్త రూల్స్‌లో, నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్ళ మీద సరికొత్త మందులు పరీక్షించేటప్పుడు అది తప్పనిసరి. అలాంటి వీడియోలు కమిటీలో చూసేవాళ్ళం. ఒకటి నా మనసులోంచి పోదు. యాభై ఏళ్ళ ఆవిడ, పొలం పనికి వెళ్ళే మనిషి. ఒళ్ళో పాలిథిన్ కవర్లో పాత రిపోర్టులు. డాక్టరు ఓపిగ్గా, మంచి తెలుగులో ఫారం మొత్తం చదివి వినిపించాడు. మందు పేరు, ఎన్నిసార్లు రక్తం తీస్తారు, ఏ ఇబ్బందులు రావచ్చు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానెయ్యొచ్చు, అన్నీ చెప్పాడు. చివర్లో "మీకు ఇష్టమేనా అమ్మా?" అన్నాడు. ఆవిడ తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు వైపు చూసి, మళ్ళీ డాక్టరు వైపు తిరిగి, "మీరు ఎట్లంటే అట్ల సార్" అంది.

రూలు ప్రకారం ఒక్క లోపం లేదు. కానీ మా కమిటీలో వైద్యంతో సంబంధం లేని సభ్యుడు ఒకాయన, రిటైరైన స్కూలు టీచరు, ఆ మాట దగ్గర ఆపించాడు. "ఈ మందు వద్దంటే మామూలు వైద్యం ఇక్కడే యథావిధిగా అందుతుందని ఆమెకి నమ్మకం కలిగిందా? లేక వద్దంటే తనని పంపించేస్తారని భయపడిందా?" అన్నాడు. అరగంట చర్చ జరిగింది. ఆమెని మర్నాడు, కొడుకు లేకుండా, వేరే మనిషి చేత మళ్ళీ అడిగించాలని తేల్చాం. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలనీ, వాళ్ళలో ఒక సామాన్యుడు కూడా ఉండాలనీ రూల్స్‌లో ఎందుకు రాశారో ఆ రోజు కళ్ళారా చూశాను. నీ మండలిలో అందరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. అలాంటి ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టు.

నీ మండలి ఛైర్మన్ గురించి. అతను వైదేహి మీద అసూయతో అనుమతి ఆపాడని రాశావు. తీసెయ్యి. ఫ్రాన్సిస్ కెల్సీ గురించి చదువు. 1960లో అమెరికాలో మందులకి అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏలో కొత్తగా చేరింది. ఆమె టేబుల్ మీదికి వచ్చిన తొలి ఫైళ్ళలో థాలిడోమైడ్ ఒకటి. యూరప్‌లో అప్పటికే గర్భిణులు వాడుతున్న మందు. కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా, భద్రతకి ఆధారాలు చాలవు, ఇంకా తెమ్మని ఫైలు తిప్పి పంపుతూనే ఉంది. ఆ మందు వల్ల వేరే దేశాల్లో పదివేల మందికి పైగా పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగ్గా లేకుండా పుట్టారు. సంతకం పెట్టకుండా కూర్చున్న ఒక ఉద్యోగిని వల్ల అమెరికాలో ఆ ఘోరం చాలావరకు తప్పింది. నీ ఛైర్మన్‌కి అలాంటి గతం ఒకటి ఇవ్వు. తను తొందరపడి సంతకం పెట్టిన ఫైలు ఒకటి అతని జీవితంలో ఉందనుకో. అప్పుడు అతను వైదేహిని ఆపుతుంటే చదివేవాళ్ళు ఇటూ అటూ ఊగుతారు, ఊగాలి కూడా.

అలాగని అదుపు చేసేవాళ్ళంతా దేవుళ్ళనీ రాయకు. అలబామాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖే దాదాపు ఆరొందల మంది నల్లజాతి మగవాళ్ళ మీద అధ్యయనం నడిపింది. వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది. పెన్సిలిన్‌తో నయమవుతుందని తెలిశాక కూడా ఇవ్వలేదు. జబ్బు ఎలా ముదురుతుందో చూడటం కోసం. ప్రభుత్వమే పరిశోధకుడైతే దాన్ని అడిగేవాడెవడు అనేది నీ నవల అడగని ప్రశ్న.

చరిత్ర కావాలంటే మన దేశంలోనే 1897 ఉంది. ఆ జనవరి 10న బొంబాయిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త తను తయారుచేసిన ప్లేగు టీకాని ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఆ నెలాఖరులో బైకుల్లా జైల్లో ముందుకొచ్చిన ఖైదీలకి వేశారు. సంకెళ్ళలో ఉన్న మనిషి సరే అంటే అది సరేనా? మరుసటి నెలలోనే అంటువ్యాధుల చట్టం వచ్చింది. పుణెలో ప్లేగు తనిఖీల పేరుతో సిపాయిలు ఇళ్ళల్లో జొరబడ్డారు, జనం రగిలిపోయారు, ప్లేగు కమిషనర్ ర్యాండ్‌ని చాపేకర్ సోదరులు జూన్ 22న కాల్చారు. ఒకే రోగం, ఒకే ఏడాది. అదే చట్టాన్ని 2020లో కోవిడ్‌కి మళ్ళీ బయటికి తీశారు. నీ మండలి గాల్లోంచి ఊడిపడినట్టుంది. దానికి ఇలాంటి పూర్వీకులు ఉన్నారని తెలిస్తే బరువు వస్తుంది.

ఇక వైదేహి వైపు బలమైన వాదన ఏది? "నా ప్రతిభని తొక్కేస్తున్నారు" అన్నది కాదు. చావు దగ్గరపడిన రోగి "రిస్క్ నాది, నన్ను తీసుకోనివ్వండి" అనడం. 1988 అక్టోబర్ 11న ఎయిడ్స్ రోగులూ వాళ్ళ స్నేహితులూ ఎఫ్‌డీఏ ఆఫీసుని ముట్టడించారు. మందులు ఆమోదం కోసం ఏళ్ళ తరబడి ఆగుతున్నాయి, వాళ్ళకి అన్ని ఏళ్ళు లేవు. వాళ్ళ పోరాటం వల్లే ప్రాణాంతక జబ్బుల మందులకి తొందరగా ఆమోదం ఇచ్చే దారులు తెరుచుకున్నాయి. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనది తర్వాత జరిగింది. 1994లో ఒక కొత్త ఎయిడ్స్ మందు వచ్చినప్పుడు, అదే ఉద్యమంలోంచి వచ్చిన కొందరు, తొందరపడొద్దు, ముందు పెద్ద ట్రయల్ చెయ్యండి అని ఎఫ్‌డీఏని కోరారు. పనిచెయ్యని మందు తొందరగా దొరికితే రోగికి ఏం లాభమని వాళ్ళకి అనుభవం మీద తెలిసింది. తోటి ఉద్యమకారులే వాళ్ళని తిట్టారు. ఒక పాత్ర ఇలా నిజాయితీగా మారడం నీ నవలలో ఎక్కడా లేదు. వైదేహిని మందు అడిగిన రోగి తమ్ముడో, భార్యో ఇలా మారితే ఎలా ఉంటుందో ఆలోచించు.

ముప్ఫై మందీ కోలుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. మందు తీసుకోనివాళ్ళతో పోల్చకుండా ముప్ఫై మంది లేచి కూర్చున్నంత మాత్రాన మందు పనిచేసినట్టు కాదు, ఇది వైదేహికి తెలియకుండా ఉండదు. అంతకంటే, మందు పనిచేసింది కాబట్టి ఆమె చేసింది ఒప్పు అని కథే తీర్పు చెప్పేస్తోంది. పనిచెయ్యకపోతే? ఒకరు చనిపోనీ. మందు వల్లో, వేరే జబ్బు వల్లో ఎవరికీ తెలియనంతగా. అప్పుడు వైదేహి ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ఏం చెప్తుందో రాయి. ఇప్పటి మన రూల్స్ ప్రకారమైతే ట్రయల్లో ఎవరికైనా ప్రాణాపాయం వస్తే 24 గంటల్లో తెలియజెయ్యాలి, మందు వల్ల నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. రహస్యంగా ఇచ్చిన మందుకి వీటిలో ఒక్కటీ ఉండదు. వైదేహి తన స్వేచ్ఛ కోసం ఆ ఇంటివాళ్ళకి ఉన్న ఒకే ఒక్క రక్షణని తీసేసింది.

కోర్టు సీను ఉండాలనుకుంటే 2022 మే 2 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదువు. ఎవరికీ బలవంతంగా టీకా వెయ్యడానికి వీల్లేదు, ఒంటి మీద హక్కు మనిషిదే అంది. అదే తీర్పులో, ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చనీ అంది. నీ లాయర్లిద్దరూ అదే తీర్పులోంచి చెరో పేరా చదవొచ్చు.

ముందుగా మూడో అధ్యాయం తిరగరాయి. వైదేహి కళ్ళతో వద్దు. ఆ ఊళ్ళో ముప్ఫై ఒకటో మనిషిని పెట్టు, మందు వద్దన్న మనిషిని. ఎందుకు వద్దన్నాడో అతని మాటల్లోనే చెప్పనీ, అది తెలివైన కారణం కాకపోయినా సరే. నీ వైదేహి అతన్ని ఏమంటుందో చూద్దాం. దాన్నిబట్టి మిగతా అధ్యాయాల్లో ఏం మార్చాలో నీకే తెలుస్తుంది.

నా దగ్గర తెలుగు అంగీకార పత్రం నమూనా ఒకటి ఉంది, పేర్లేమీ లేనిది. వాట్సాప్‌లో పంపుతాను. దాన్ని మీ నానమ్మకి గట్టిగా చదివి వినిపించు, ఎక్కడ ఆపి అడుగుతుందో, ఎక్కడ అడగకుండా తలూపుతుందో రాసిపెట్టుకో. తిరగరాసిన అధ్యాయం మాత్రం ప్రింట్ తీసి మీ నాన్నతో పంపించు, ఫోన్లో అంతసేపు చదవలేకపోతున్నాను.

మీ అత్తయ్య