సైగలు నేర్పితే ఇక మాటలు రావా?
రాజాం నుంచి ఒకమ్మ అడిగారు, 14 నెలల బాబుకి వినపడదన్నారు, ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే పరికరం) చేయించాలా, సైగలు నేర్పితే ఇక మాట్లాడడా అని. అమ్మా, ముందు బెరా టెస్ట్ (శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయా అని చూసే పరీక్ష) చేయించి రిపోర్టు దగ్గర పెట్టుకోండి, వెనకాల పళ్ళెం కొట్టి చూడటం టెస్ట్ కాదు, నేల అదురుకి కూడా పిల్లలు తిరిగి చూస్తారు, మా మేనల్లుడు అలాగే చూసేవాడు, వినపడుతోందనుకుని మాకు ఏడాది పోయింది. ఇంప్లాంట్ అంటే ఆపరేషన్‌తో అయిపోదు, తర్వాత ఏళ్ల తరబడి థెరపీ, చెవి బయట పెట్టుకునే మిషన్‌కి బ్యాటరీలు, వైర్లు, ఆ ఖర్చు ఎవరిదో, విశాఖ ఎన్నిసార్లు తిరగాలో సంతకం పెట్టకముందే అడగండి. లేటైతే ఫలితం తగ్గుతుంది, అది నిజమే. కానీ సైగలు మాటని ఆపవు, బుర్రకి ఏదో ఒక భాష చిన్నప్పుడే అందాలి. ఢిల్లీలో సైగల భాష మీద పనిచేసే ప్రభుత్వ కేంద్రం ఐఎస్ఎల్ఆర్‌టీసీ వాళ్ల 10,000 పదాల సైగల డిక్షనరీ ఫ్రీగానే ఉంది, ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఎదురుగా కూచుని ఒక్క సైగతో మొదలెట్టండి.