వెలుతురులో మొలకల స్టెరాల్ పెరుగుతుందా, తగ్గుతుందా?

మీరు పెసర మొలకల్ని కొన్ని చీకట్లో, కొన్ని వెలుతురులో పెంచారు. స్టెరాల్ అంటే కణాల పొరల్లో ఉండే కొవ్వు లాంటి పదార్థం, కొలెస్ట్రాల్ కూడా ఆ కుటుంబానిదే. అది ఎంతుందో రంగుని బట్టి చెప్పే లీబర్‌మన్-బుర్కార్డ్ పరీక్షలో వెలుతురు మొలకలకే ఎక్కువ రీడింగ్ వచ్చింది. చదివిన పరిశోధన పేపర్లలో మాత్రం వెలుతురు స్టెరాల్ తయారీని తగ్గిస్తుందని ఉంది. ఏది నమ్మాలని కదా మీ టెన్షన్? పేపర్లనే నమ్మండి. నేనూ ఇదే గోతిలో పడి లేచినదాన్ని.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టూ పెసలే. మొలకల్ని నూరి, క్లోరోఫాంలోకి సారం తీసి, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపాను. స్టెరాల్ ఉంటే ఆకుపచ్చ రంగు రావాలి. వెలుతురు ట్యూబు ఎంత చిక్కగా వచ్చిందంటే, ఆ రోజే థీసిస్ రాసేద్దామనిపించింది. మా గైడ్‌గారు ట్యూబు కిటికీ వైపు ఎత్తి చూసి, "ఆమ్లం వెయ్యకముందు ఇది ఏ రంగులో ఉందమ్మా?" అన్నారు. నా నోట మాట లేదు. అప్పుడూ పచ్చగానే ఉంది. నేను కొలిచినదాంట్లో పత్రహరితం ఎంతో, స్టెరాల్ ఎంతో ఆ దేవుడికే తెలియాలి.

కాబట్టి ముందు సారాన్ని ఆల్కహాల్‌లో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్‌తో సపోనిఫై చెయ్యండి, అంటే క్షారంతో కొవ్వుల్ని సబ్బుగా విడగొట్టండి. తర్వాత నీళ్ళు, పెట్రోలియం ఈథర్ పోసి గరాటులో ఊపితే పచ్చదనం కింది పొరలోకి, స్టెరాల్ పై పొరలోకి వెళ్ళిపోతాయి. పై పొర ఇంకా పసుప్పచ్చగా ఉంటుంది, అది కెరోటినాయిడ్ల రంగు. దాన్ని వదిలించుకోవాలంటే సిలికా జెల్ పలక మీద సైటోస్టెరాల్ (మొక్కల్లో మామూలుగా ఉండే స్టెరాల్) నమూనా పక్కనే పరిగెత్తించి, ఆ మచ్చని మాత్రమే గీకి తీసుకోవడం మేలు.

రెండో తిరకాసు దేని లెక్కన చెబుతున్నారన్నది. నా అనుభవంలో అసలు గొడవంతా ఇక్కడే. చీకటి మొలక పొడుగ్గా, పాలిపోయి, నీళ్ళు నిండి ఉంటుంది. పెళ్ళిళ్ళలో మూల గదిలో పెట్టిన పాలికల్లో నవధాన్యాలు అలా సాగి ఉండటం చూసే ఉంటారు. పచ్చి బరువులో గ్రాముకి ఎంత అని లెక్కేస్తే ఆ నీళ్ళ వల్ల దాని స్టెరాల్ తక్కువగా కనిపిస్తుంది. ఎండబెట్టి లెక్కేస్తే మరో తంటా: చీకట్లో ఆహారం తయారు కాదు, గింజలో ఉన్నది ఊపిరికి ఖర్చవుతూ పోతుంది, పొడి బరువు తగ్గుతుంది. అప్పుడు కొత్త స్టెరాల్ ఒక్క చుక్క పుట్టకపోయినా గ్రాముకి ఎక్కువ ఉన్నట్టు తేలుతుంది. అందుకే ఒక్కో మొలకకి ఎంత అని కూడా రాయండి. నానబెట్టని గింజలో ఎంతుందో ముందే కొలిచి దాన్ని తీసెయ్యండి, పప్పు బద్దల్లో పుట్టుకతో వచ్చిన స్టెరాల్ బాగానే ఉంటుంది. నేను ఇలా మళ్ళీ చేశాక ఒక్కో మొలక లెక్కన చీకటివే పైన నిలిచాయి.

ఎందుకంటే, స్టెరాల్ తయారయ్యే మెవలోనేట్ దారికి గేటు లాంటి ఎంజైము హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్. ఇంట్లో పెద్దవాళ్ళు కొలెస్ట్రాల్‌కి వేసుకునే స్టాటిన్ మాత్ర అడ్డుకునేది కూడా దీన్నే. చీకట్లో పెరిగిన బఠానీ మొలకల్లో ఇది చురుగ్గా ఉండి, వెలుతురు తగలగానే నెమ్మదిస్తుంది. ఆ కబురు మోసేది ఫైటోక్రోమ్, అంటే 660 నానోమీటర్ల దగ్గర ఎరుపునీ 730 దగ్గర దూరపు ఎరుపునీ పసిగట్టే వర్ణకం. అదే సమయంలో ప్లాస్టిడ్‌లో (పత్రహరితం తయారయ్యే కణభాగంలో) ఉన్న వేరే దారి ఊపందుకుని కెరోటినాయిడ్లకీ, పత్రహరితం తోకకీ ముడిసరుకు అందిస్తుంది. మట్టిలోంచి బయటపడేదాకా మొలకకి సాగడమే పని, సాగే కణానికి కొత్త పొర కావాలి, పొరకి స్టెరాల్ కావాలి. క్యాంపెస్టెరాల్ అనే మరో మొక్క స్టెరాల్ నుంచి వచ్చే బ్రాసినోస్టిరాయిడ్లు అనే హార్మోన్లూ ఆ సాగుడుకి అవసరమే. అవి సరిగా తయారు చేసుకోలేని డెట్2 అనే మార్పు చెందిన అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క) రకం చీకట్లో కూడా పొట్టిగా ఉండి ఆకులు విప్పేస్తుంది.

అలాగని "వెలుతురు అన్ని స్టిరాయిడ్లనీ తగ్గిస్తుంది" అని మాత్రం రాయకండి. వెలుతురులో పెట్టిన బంగాళాదుంప పచ్చబడి చేదెక్కుతుంది కదా, ఆ సోలనిన్ కొలెస్ట్రాల్ నుంచి పుట్టేదే, అక్కడ వెలుతురు పెంచుతుంది. విటమిన్ డి ప్రస్తావన కూడా వద్దు. అది పుట్టగొడుగుల్లోని ఎర్గోస్టెరాల్‌కి అతినీలలోహిత కిరణాలు తగిలినప్పటి కథ.

ఇంకోటి, మీ చీకటి నిజంగా చీకటేనా? నేను రోజూ బీరువా తలుపు తీసి నీళ్ళు చల్లేదాన్ని. మూడో రోజుకే సగం మొలకలు వంచుకున్న తల ఎత్తేశాయి. ఆ వంకీ విప్పుకుందంటే వెలుతురు కబురు చేరిపోయినట్టే, అలాంటివాటిని పారెయ్యండి. తర్వాత పచ్చ సెల్లోఫేన్ చుట్టిన మసక బల్బు కింద మాత్రమే నీళ్ళు పోశాను. పరీక్షకి గాజుసామాను పొడిగా ఉండాలి, తడి తగిలితే అన్‌హైడ్రైడ్ చెడిపోతుంది. రంగు నిలవదు కాబట్టి ఆమ్లం వేసిన ట్యూబుల్ని చీకట్లో ఉంచి, ప్రతిదాన్నీ సరిగ్గా అన్నే నిమిషాలకి చదవండి.